నంబరు పిలిచేదాక

పట్నం పోయి
తొమ్మిది దినాలు పరీక్షలు చేయించుకొని వచ్చిన.
పాసైననో ఫేలైననో
కాయితం ఇంకా రాలే.

నిన్న పొద్దుగూకినంక దేవరకొండ బస్టాండుల
ఇరవై రెండేండ్లు ఎక్కి దిగిన మెట్లే
నా కాళ్లకు కొత్తగ ఎత్తైనయి.
జహంగీర్ డ్రైవరు ఇంజను బందు చేసి
నేను దిగేదాక అద్దంల చూసుకుంట కూసున్నడు.
"అండాలక్కా, నిమ్మళం" అన్నడు.
రైట్ రైట్ అనేదాన్ని నేనే గదా,
నోరు పెగల్లే.

రాత్రి కన్ను మూస్తే ఆ తెల్ల గొట్టమే.
నన్ను లోపటికి నూకి
ఎవడో రేకుల మీద సుత్తెతోని కొడుతున్నట్టు.
అద్దం అవతలి పిల్ల మైకుల చెప్పుతది,
ఊపిరి పట్టండి.
పట్టిన.
వదలండి.
వదిలిన.
కదలొద్దు.
మాల్ దాటినంక గుంతల రోడ్డు మీద
ఒక చేత్తోని రాడు పట్టుకొని
ఒక చేత్తోని చిల్లర ఎంచిన దాన్ని,
కదలకుండ ఉండుడు ఒక్కటే నేను నేర్వని పని.

మోచెయ్యి మడతకాడ నేరేడుపండు నలిగిన రంగు.
ఎర్రమూతవి నాలుగు, ఊదామూతవి మూడు,
పచ్చమూతది ఒకటి.
నా నెత్తురు వాళ్లు నింపుకుంటుంటే
నేను లెక్కపెట్టిన. అలవాటు.
లెక్క తప్పితే డిపోల
మన జేబుల నుంచే కట్టాలె.

పేరు గూడ తప్పు రాసిండ్రు.
అండాలును ఆనందాలు చేసిండ్రు,
పక్కన మగ అని కొట్టిండ్రు.
దిద్దిపిచ్చేటందుకే ఒక పూట.
ఆ పూట మూడో అంతస్తు మెట్ల మీద
మక్తల్ దిక్కు నుంచి వచ్చిన ముసలామె
జొన్నరొట్టె సగం తుంచి చెయ్యి చాపింది.
"పరగడుపమ్మా" అన్న.
"నాది గూడ పరగడుపే బిడ్డా,
నిన్నటి సంది. మిషిను చెడిపోయిందంట"
అని నవ్వింది.
సగం సగమైన ఆ రొట్టె
గుడ్డల సుట్టుకొని మా ఇద్దరి నడుమ
మూడో మనిషి లెక్క సాయంత్రం దాక కూసున్నది.
ఆమె పేరు అడగలే.
ఎన్ని వేల మందిని ఎక్కిచ్చుకున్న,
ఎక్కడిదాక అన్న గాని
ఎవరివని ఎన్నడన్న అడిగిన్నా?

తెల్లారంగ లేచి చూస్తే
లింగస్వామి చాప మీద
మోకాళ్లు కడుపులకు గుంజుకొని పండిండు.
నెత్తి కింద నా ఫైలు.
తొమ్మిది రాత్రులు వరండాల
పోయేటోళ్ల కాళ్లకు తొవ్వ ఇడిసి పండిన మనిషి,
ఇంట్ల ఇంత జాగ ఉన్నా
ఆ మూరెడు సందులనే ఉన్నడు.
ఆయనకు ఎవ్వలు సూది గుచ్చలే,
ఏ సీసా మీద ఆయన పేరు అంటించలే.
పేషెంటు వెంట ఒక్కరే అని
దవాఖానోళ్లు ఏసిన కార్డు
ఇంకా మెడలనే ఉన్నది.

గోడ పట్టుకొని పొయ్యికాడికి పోయిన.
రెండుసార్లు ఆగిన.
ఆగినకాడల్లా అది ఒక స్టేజీ అనుకున్న:
మల్లేపల్లి, చింతపల్లి.
నా అంతట నేనే నవ్విన, పొత్తికడుపుల కలుక్కుమన్నది.

గట్క ఎసరు మరుగుతుంటే
పక్కింటి ద్వాళి సల్లగిన్నె పట్టుకొచ్చింది.
ఏమన్నరని అడగలే.
"ఉప్పేసిన్నో లేదో, జర నాలికె మీద ఏసుకో" అన్నది.
ఉప్పు ఎక్కువైంది.
మంచిగుందన్న.
నోట్లకెల్లి ఆ మందునీళ్ల సున్నపు వాసన
మొదటిసారి కొంచెం పక్కకు జరిగింది.

మెల్లగ వంగి
ఆయన మెడల కార్డు తీయబోతే
తాడు చెవికాడ చిక్కుకున్నది.
కండ్లు తెరవకుండనే లేవబోయిండు.
"నంబరు పిలిచిండ్రా?"

"ఇంకా లేదు, పండుకో" అన్న.

గట్క అడుగంటుతున్న వాసన.