అంగుళం

నవంబరు చివరి శనివారం.
పబ్నికో ఫైర్ హాల్ ముందు
మంచు కాదు, మంచు కాబోయే వాన.
వారానికోసారి నేనిక్కడ మోకాలితో పనిచేస్తాను.
ఎడమది అరిగిపోయింది, కుడిదానికే జీతం.
జీతమంటే కప్పు కాఫీ. అదీ నేనే కాచుకోవాలి.

నోర్బెర్ వచ్చాడు.
సోమవారం తెల్లారితే లాబ్‌స్టర్ సీజను.
మూడువందల డెబ్బై అయిదు బోనుల్ని
పడవ మీద తన ఎత్తుకు రెండింతలు పేర్చి
కదలకుండా కట్టి వచ్చిన చేతులు
కారు వెనక సీట్లో
బెత్తెడు పట్టీ దగ్గర ఓడిపోతున్నాయి.
"ఇదే పడవైతే ఈపాటికి..." అన్నాడు.
పడవ కాదుగా, అన్నాను.

డెల్ఫీన్ తలుపు పట్టుకుని నిలబడింది,
పొట్ట మీద రెయిన్‌కోటు గుండీ పడక.
"సీటు చూపిస్తేగానీ బిడ్డనివ్వరట ఆసుపత్రిలో.
చూపించకపోతే వాళ్లే పెంచుతారా?"
నవ్వింది. నవ్వు నడుం దాకా వెళ్లి
అక్కడ నొప్పై ఆగింది.

సీటు నోర్బెర్ అక్క లోరెట్‌ది.
ముగ్గురు పిల్లలు అందులోంచి పెరిగి లేచిపోయారు.
తిరగేసి అడుగు చూశాను.
ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన గడువు ఇంకా ఏడాదుంది.
మెత్తబడ్డ పట్టీలు, మడతల్లో బిస్కెట్ పొడి.
అప్పుడు అందరినీ అడిగేదే అడిగాను,
గొంతు మార్చకుండా:
ఈ సీటు ఎప్పుడైనా ప్రమాదంలో ఉందా?

నోర్బెర్ వాన వైపు చూశాడు.
"లేదు."
కాసేపాగి, "మార్చిలో అక్క కారు కొంచెం జారింది."
ఇంకాసేపాగి, "స్తంభానికి.
ఎవరికీ ఏం కాలేదు.
చిన్నది నిద్ర కూడా లేవలేదు."

సీటు తన పని చేసేసిందన్నమాట, అన్నాను.
ఒక్కసారికే దానికి ఆయుష్షు.
పగులు లోపలెక్కడో ఉంటుంది, కంటికి ఆనదు.
అతను నమ్మలేదు. నా అమ్మకం మాట అనుకున్నాడేమో.
ఉప్పునీళ్లకి లోపల చివికిన తాడు
పైకెలా ఉంటుందో నీకు నేను చెప్పాలా నోర్బెర్?

జేబులోంచి ఎర కోసే కత్తి తీశాడు.
ఇంకెవరూ వాడకుండా పట్టీలు కోసేయాలి,
అయిదు చోట్ల.
నైలాను తెగే చప్పుడుకి
డెల్ఫీన్ పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

బింగో డబ్బుతో కొన్న కొత్తవి హాల్లో రెండున్నాయి.
బూడిదరంగుది వాళ్ల కారులో వాలు కుదరలేదు.
మరీ గులాబీరంగుది కుదిరింది.
అతను మూడుసార్లు చూసి ఏమీ అనలేదు.

ముఖం వెనక్కి.
బిడ్డ వెళ్లే దారి చూడదు,
వచ్చిన దారే చూస్తుంది, రెండేళ్లైనా.
పక్కనున్న బుడగ గీతల మధ్యకొచ్చేలా
కుడి మోకాలు దించి ఒళ్లంతా బరువు చేశాను. లాగు.
లాగాడు. రెండంగుళాలు కదిలింది.
విప్పు. మళ్లీ.
అంగుళంన్నర. మళ్లీ.
మూడోసారి పట్టుకుని కుదిపితే
కారు ఊగింది, సీటు ఊగలేదు.

బొమ్మని ఇంట్లో మరిచిపోయాను.
వంటగదిలోంచి బంగాళాదుంపల సంచీ తెచ్చి కూర్చోబెట్టాం.
డెల్ఫీన్ దానికి తన శాలువా చుట్టబోయింది.
లోపల వద్దమ్మా. లావు గుడ్డ వేస్తే
పట్టీ పట్టుకునేది గుడ్డని, బిడ్డని కాదు.
ముందు బిగించు, తర్వాత కప్పు.
వేళ్ల మధ్య పట్టీ మడత పడకూడదు.
క్లిప్పు చంకల ఎత్తున.
"బంగాళాదుంపలకి చంకలెక్కడ?" అన్నాడు నోర్బెర్.
ఈసారి ఆమె నవ్వు నొప్పి దాకా వెళ్లలేదు.

సంచీ తీసుకోవడం నాకూ గుర్తు లేదు.
కాఫీ చల్లారిపోయింది.
గుమ్మంలో నిలబడి చూశాను:
వార్ఫ్ రోడ్డు మీద, సైకిలంత వేగంతో,
వెనక సీట్లో ఏడు పౌండ్ల దుంపలతో
ఆ కారు.
ప్రతి గుంత దగ్గరా
బ్రేకు లైట్లు
ఎర్రగా వెలిగి, ఆగి,
నెమ్మదిగా దిగి, ఎక్కి.