కాలమే తగ్గించమ్మా

పోయినేడు దాకా
నా అప్పులన్నీ బస్సెక్కేవి.

కొడవలూరులో జిలానీ ఎక్కేవాడు,
ముందు డోరు ఖాళీగా ఉన్నా నా డోరు నుంచే.
టికెట్ డబ్బులు చేతిలో పెడుతూ
"సంగతేంది కండక్టరూ" అనేవాడు,
ఒక్క మాటే, మెల్లగా,
మూడు సీట్ల దాకా వినపడేటట్టు.
కోవూరులో కామాక్షమ్మ. ఆమె ఏమీ అడిగేది కాదు.
నూటికి మూడు లెక్కన రాయించుకున్న ప్రోనోటు
అక్కడే ముడేసి ఉన్నట్టు
కొంగు సర్దుకునేది.
నేను తలొంచుకుని టికెట్ మిషన్‌తో మాట్లాడేవాణ్ణి.

తప్పెవరిదంటే నాదే.
అల్లూరు పక్కన రొయ్యల గుంట,
బామ్మర్దితో సగం వాటా.
ముప్పై అయిదో రోజు తెల్లమచ్చ కనపడింది.
తెల్లారి గట్టు మీద నిలబడి చూస్తే
కొంగలకి పండగ.

ఆరేళ్ళు కట్టాం.
నేను డబుల్ డ్యూటీలు చేశాను. హైమావతి
స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి
కుడి బొటనవేలు వంగకుండా చేసుకుంది.
తీరిన ప్రోనోటు ఒక్కోటి తెచ్చి చేతికిస్తే
చించేది కాదు, కాల్చేది కాదు,
వెనక వైపు తెల్లగా ఉందని
కొలతలు రాసుకునేది:
నడుము ఇరవై నాలుగు, చెయ్యి పదకొండు.

చివరిది జిలానీది.
ఆ రోజు చిల్లర ఇస్తూ
మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాను.
ఎడమ కంట్లో శుక్లం ఉంది.
అన్నేళ్ళూ నాకు తెలీదు.

ఇక మిగిలింది బ్యాంకు.
బ్యాంకు బస్సెక్కదు.
అయిదో తారీఖున జీతంలోంచి
పదమూడు వేల తొమ్మిది వందలు మింగి
ఫోన్లో ఒక మెసేజ్ త్రేన్చుతుంది, అంతే.

డ్రైవర్ మాల్యాద్రి అన్నాడు:
"ఇంటిదీ ఒక అప్పేనబ్బా? తక్కువ వడ్డీ, దాన్నట్టా పోనీ.
నలభై వేలు చేతిలో ఉంటే
దగదర్తి కాడ ప్లాటుకి బయానా ఇయ్యి,
విమానాలు దిగితే నీ పంట పండినట్టే."
అతను చెప్పింది తప్పనలేను.
లెక్కలో అతనే గెలవొచ్చు.
గుంట లీజుకి తీసుకునేటప్పుడు కూడా
లెక్కలో మేమే గెలిచాం.

కావలి బ్రాంచిలో
మా అమ్మాయి ఈడు మేనేజరమ్మ అడిగింది:
"ముందుగా కడుతున్నారు కదా,
కంతు తగ్గించమంటారా, కాలం తగ్గించమంటారా?"

ఇట్టాంటి ప్రశ్న నన్నింతవరకూ ఎవరూ అడగలేదు.
కట్టిన ప్రతిచోటా
కాలం కూడా వాళ్ళకే వదిలేసి వచ్చాను.
నేనింకా నోరు తెరవకముందే
హైమావతి అనేసింది:
"కాలమే తగ్గించమ్మా."

కీబోర్డు మీద ఏదో నొక్కింది ఆ పిల్ల.
మూడు కంతులకన్నా తక్కువే ఆ డబ్బు,
పది నెలలు రాలిపోయాయి.
రిటైరయ్యాక ఇరవై నాలుగు నెలలు
కట్టాల్సి ఉండింది. ఇప్పుడు పద్నాలుగు.
అంటే ఇంకా ఉంది, బోలెడుంది.
కానీ అరవై మూడేళ్ళ ముసలాడొకడు
పొద్దున పదింటికి, నీరెండలో, లుంగీ మీద
ఎవరి మెసేజీ రాని ఫోన్ పక్కన పెట్టుకుని
కూర్చున్నట్టు కనిపించాడు.
వాడికి మనియార్డర్ చేసినట్టయింది.

ఇంటికొచ్చాక హైమావతి హాల్లో నిలబడి
"ఇప్పుడు యాడ దాకా మనది?" అంది.
"వంటిల్లు అయిపోయింది,
బాత్రూమ్ తలుపు కాడ ఉండాం" అన్నాను.
"తలుపు లోపలా, బయటా?"
నాలుగేళ్ళుగా ఊగుతున్న దాని గడియ
ఆ సాయంత్రమే బిగించింది.

నిన్న కొడవలూరులో జిలానీ ఎక్కాడు.
నల్లద్దాలు. ఆపరేషనయిందంట.
"అవసరముంటే అడుగబ్బయ్యా, మొగమాటపడబాక" అన్నాడు,
మూడు సీట్ల దాకా వినపడేటట్టే.
"ముందు టికెట్ తీసుకో భాయ్" అన్నాను.

రూపాయి చిల్లర లేదు నా దగ్గర.
"దిగేటప్పుడిస్తా" అన్నాను.
పెన్న దాటేదాకా ఆ రూపాయి బాకీ
నన్ను సీట్లో కుదురుగా కూర్చోనియ్యలేదు.