ఒక్కటే కనబడ్డది

మన్ననూరు దాటినంక
మీటరుకు మీటరు తాడు పరిచి
మోకాళ్ల మీద కూసున్న.
బోదగడ్డి నూట నలభై.
తునికి మొలకలు ఆరు, నల్లేరు మూడు.
పేరు తెల్వని పసుపు పువ్వు
ఒక్కటి.

ఒక్కసారే కనబడ్డవి ఎన్నో రాసుకుంటే
అసలు కనబడనివి ఎన్నో
అందాజాగా చెప్పొచ్చు. గదీ మా లెక్క.

ఈదమ్మ నవ్వింది:
"కనబడనిదాన్ని సుత లెక్కబెడతవా పిల్లా?"
పువ్వు వాసన చూసి పేరు చెప్పింది.
ఏ వానకు మొలుస్తదో,
ఏ పురుగు తింటదో గూడ.

"ఈ పేరు పెంటల ఇంకెవరికెరుక?"

చిగురు తుంచి, వేళ్ల నడుమ నలిపి
"మా అత్తకెరుకుండె" అన్నది.

కాగితం మీద పువ్వు గడిల ఒకటి వేసిన.
పేరు తెలిసినోళ్లకు గడి లేదు.

తాడు చుట్టిన.
దాని కింద వంగిన గడ్డి
మెల్లగ, ఒక్కో పోచ, లేస్తున్నది.