రాని ఓడ

మాల్మ్‌బెర్యెట్‌లో జనవరి పగలు
అగ్గిపుల్ల వెలిగి ఆరినంత.
గుళికల కర్మాగారం ప్రయోగశాలలో
ఎయిలా ముస్తపర్తా జల్లెడ పడుతోంది.

పైన నిలిచినవి రేగుపండంత గుండ్రనివి.
కిందికి జారింది పిండి.
ఆ పిండితోనే ఆమె పోరంతా.

పిండి కొలిమిలోకి వెళ్తే
గాలికి దారుండదు.
ఉక్కిరిబిక్కిరైన కొలిమి
ఇంకా బొగ్గు పెట్టమంటుంది.

ఒక్కో గుళికనీ యంత్రం దవడల మధ్య పెడుతుంది.
రెండువందల ముప్పై కిలోల బరువు ఓర్చాలి.
నూట ఎనభైకే చిట్లిందా,
అంకె చుట్టూ సున్నా చుట్టి ఫోన్ చేస్తుంది:
"బంకమట్టి చాల్లేదు, తడి ఎక్కువైంది."
లడ్డూ చుట్టే చేతికి తెలుసు ఆ తడి,
చుక్క తగ్గితే పొడి, చుక్క పెరిగితే ముద్ద.

ఈ కొండ రాయి నల్లనిది,
అయస్కాంతాన్ని చూస్తే ఆగదు.
కాల్చేటప్పుడు గాలిని తాగి
కొంత వేడి తనే పుట్టించుకుంటుంది.
పాత బట్టీ దగ్గర పనిచేసిన తండ్రి
పౌరుషం గల రాయి అనేవాడట:
ఒకరి దగ్గర నిప్పు అప్పు తెచ్చుకోదు.

ఆ పౌరుషమే ఊరినీ మింగింది.
ఆమె అక్షరాలు దిద్దిన బడి
ఇప్పుడు కంచె అవతల గొయ్యి.

సముద్రం పక్కన, లులియోలో, కొలిమి దగ్గర
తమ్ముడు తౌనో.
శుక్రవారం మెసేజ్ పెట్టాడు:
"మీ కొత్త గుళికలు వచ్చాక
టన్ను ఇనుముకి నాలుగు కిలోల కోక్ తగ్గింది."

నాలుగు కిలోలు!
ఏడాదిన్నర జల్లెడ పట్టింది దీనికా?
వంటింట్లో బంగాళాదుంపల సంచీ
ఒంటిచేత్తో ఎత్తి చూసింది.
దించి, కొట్టు బిల్లు వెనక
పెన్సిలుతో గుణించింది.
రోజుకి ఆరువేల టన్నుల ఇనుము.
రోజుకి ఒక లారీడు బొగ్గు.
ఏడాదికి,
పెన్సిలు ఆగింది,
ఒక చిన్న ఓడ.

రాని ఓడకి రేవులో ఎవరూ చెయ్యి ఊపరు.
మంచు కోసే పడవ దానికోసం బయల్దేరదు.
తౌనో కిటికీలోంచి చూసినా
గడ్డకట్టిన సముద్రమే కనబడుతుంది,
దానిమీద ఒక నక్క అడుగులు.

బడిని ఇది తిరిగి తేదు.
ఆ సంగతి ఎయిలాకి ఎవరూ చెప్పక్కర్లేదు.
బిల్లు మడిచి
ఉప్పు డబ్బా కింద పెట్టింది.

సోమవారం ఆరింటికి మళ్ళీ జల్లెడ.
మొదటి గుళిక నూట తొంభైకే చిట్లింది.
సున్నా చుట్టి,
ఫోన్ తీసింది.