ముంగల గుండీలు

సంచిల మూడు నైటీలు,
పరకాల సంతల కొన్నయి, మడత ఇప్పనియి.
మెడ సుట్టూ పూల కుట్టేగని
ముంగల ఒక్క గుండీ లేదు.
"పిల్లకు పాలెట్ల తాపుతవమ్మా?"
నర్సు కసురుకున్నది.

హన్మకొండ ప్రసూతి దవాఖాన, పదకొండో మంచం.
కుట్లు సలుపుతున్నయి.

భూపాలపల్లిల రాత్రి డ్యూటీ దిగి
సీదా వచ్చిండు ఓదెలు.
తలుపుకాడనే ఆపిండ్లు.
ఆయా సంగతి చెప్తే
అంగీ విప్పి ఆమె చేతికిచ్చి
బనీను మీద నిలబడ్డడు, అందరు చూస్తుండంగ.

ఎన్నిసార్లు పిండినా
బొగ్గువాసన పోని అంగీ.
చేతులు మలుచుకున్న.
రెండు గుండీలు తీసిన్నో లేదో
మూతి ఎతుక్కుంట వచ్చింది బిడ్డ.

మూడో గుండీ పోయినేడు నేనే కుట్టిన,
తెల్లదారం దొరకక ఎర్రదారంతోని.
గొణిగిండప్పుడు.
దాన్నే పిడికిట్ల పట్టుకొని
పండుకున్నది.