నూట పద్నాలుగో కొక్కెం

మ్యూజియంలోకి రాగానే ఎడమవైపు, మెట్ల కింద
ఒక పొడుగాటి బల్ల. బల్ల వెనక నేను.
పేరు స్కైద్రీతె. పని, కోట్లు లెక్కపెట్టడం.
నవ్వకండి. రోజూ కోట్లు నా చేతుల మీదుగానే పోతాయి,
జీతం మాత్రం పదో తారీఖుకే ఊపిరి వదిలేస్తుంది.

జనవరి. దౌగవా నది మీద మంచు
ట్రాము నడిపినా మునగనంత గట్టిపడింది.
నెలలో చివరి బుధవారం, ప్రవేశం ఉచితం,
పై హాల్లో సాయంత్రం సెల్లో కచేరీ.
రీగా సగం ఊరు ఇక్కడే ఉంది కాబోలు,
తలుపు తెరుచుకున్న ప్రతిసారీ
ఓ గుప్పెడు చలి టికెట్టు లేకుండా లోపలికొస్తోంది.

వాళ్ళు పైకెళ్ళి బొమ్మలు చూస్తారు.
నేను ఇక్కడే వాళ్ళని చదువుకుంటాను:
కుక్క వెంట్రుకలంటిన మోచేతులు,
ఏడాదికోసారి బీరువా దాటి వచ్చే నక్కతోలు కాలరు,
దాంతోపాటే కలరా ఉండల ఘాటు,
ఒక చేతికే తొడుగు మిగిలిన పిల్లాడు
(రెండోది ట్రాములో ఊరు చూస్తోందట).
కొత్త జంటలు రెండు కోట్లూ
ఒకే కొక్కానికి తగిలించమంటారు.
కొక్కెం ఆగదని నేను చెప్పను.

నూట పద్నాలుగు మాత్రం వాల్‌ఫ్రీడ్స్ గారిది.
ఒకప్పుడు గోధుమరంగే అయ్యుండాలి ఆ కోటు.
మెడ దగ్గరి తగిలింపు తెగి మూడు బుధవారాలైంది,
కాలరు పట్టి వేలాడదీస్తే
భుజాల దగ్గర గూని తేలుతుంది,
లోపల మనిషి ఇంకా ఉన్నట్టు.
ఎలా ఉంది ప్రదర్శన, అని అడుగుతాను వెళ్ళేటప్పుడు.
"వెచ్చగా ఉంది" అంటాడు.
రంగుల సంగతి తెలిసినవాడు, అనుకునేదాన్ని.

కచేరీ మొదలైతే కింద ఎవరూ ఉండరు.
సూది తీశాను. నల్లదారం అయిపోయింది,
ఉన్నది ఎరుపు. సరే, లోపలే కదా.
సెల్లో మెట్లు తడుముకుంటూ దిగొస్తోంది,
గచ్చు మీద ఎవరో బరువైన బీరువా జరుపుతున్నట్టు మొదట,
తర్వాత గొంతు సవరించుకుని
చెప్పాలా వద్దా అని ఆగిపోయినట్టు.
రెండు కుట్లు తాళానికి పడ్డాయి,
మూడోది నా వేలికి.

పదకొండేళ్ళుగా ఇక్కడున్నాను.
మూడో అంతస్తు చూశావా అంటే,
ఓసారి. పైపు పగిలినప్పుడు, బకెట్టుతో.

ఎనిమిదిన్నరకి జనం మెట్లు విరిగేలా దిగారు.
బల్ల మీద బిళ్ళల వడగళ్ళు.
"నాది నీలం", "కాదమ్మా, ఆ నీలం కాదు",
తొడుగుల్లో దూరని వేళ్ళు, దొరకని టోపీ,
ఎవరో చప్పట్లు ఇంకా కొడుతూనే వచ్చారు.
తొమ్మిదికి కొక్కేలన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప.
బయట మైనస్ పందొమ్మిది.

కోటు చేతి మీద వేసుకుని ఎక్కాను.
మూడో అంతస్తు చివరి గదిలో
కాపలాదారు తాలివాల్డిస్
పెదాల మీద వేలు పెట్టి చూపించాడు.

గోడంత జూలై నెల. ఎండలో గడ్డి కోస్తున్నారు.
దానికి ఎదురుగా కాదు, పక్కన,
కిటికీ కింద రేడియేటరుకి వీపు ఆనించి,
బూట్లు విప్పి పక్కనే వరసగా పెట్టుకుని,
నోరు కాస్త తెరిచి నిద్రపోతున్నాడు వాల్‌ఫ్రీడ్స్.
మేజోళ్ళ మునివేళ్ళ దగ్గర సన్నటి ఆవిరి.

తాలివాల్డిస్ నా వైపు పది వేళ్ళూ ఎత్తాడు,
ఇంకో పది నిమిషాలు.
అతను ఆ పది నిమిషాలు
ఎన్ని బుధవారాలుగా దొంగిలిస్తున్నాడో
నేను అడగలేదు, అతను చెప్పలేదు.

బెంచీ మీద కూర్చున్నాను. ఒళ్ళో కోటు,
ఎర్రదారం పైకే కనిపిస్తోంది, సిగ్గులేకుండా.
చెయ్యడానికి ఏమీ లేక బొమ్మకేసి చూశాను.
గట్టు పక్కన ఒక పొద,
పొద మీద కోతవాళ్ళు విప్పి పడేసిన పైబట్టలు.
అలవాటు ఎక్కడికి పోతుంది, లెక్కపెట్టాను.
ఏడు.
చేలో మనుషులు ఆరుగురే.
మళ్ళీ లెక్కపెట్టాను, ఈసారి వేళ్ళ మీద.

ఏడోది ఎవరిదో చూద్దామని లేచి దగ్గరికెళ్ళేసరికి
పక్క గదిలో దీపాలు
ఒక్కొక్కటే ఆరడం మొదలైంది.