రిమార్కుల గడి

ఉదయగిరి తాలూకాఫీసు వెనక గదిలో
మూణ్ణెల్లుగా పాత అడంగళ్ళు చూసి
కంప్యూటర్లో కొడతా ఉండాను.
ఒక్క నొక్కు నొక్కితే
ఒక చేను లోపలికి పోతాది.

పుటల మధ్య ఏమేమో దొరకతాయి.
ఎండిన వేపాకు, బీడీ ముక్క,
ఫసలీ పదమూడొందల అరవై రెండులో
అణిగిపోయిన వెండిపురుగు.

సర్వే నంబరుకి గడి ఉంది. విస్తీర్ణానికి ఉంది.
రిమార్కులకి లేదంట, కొత్తదాంట్లో.
మరి కరణం వంకర రాతలో ఈ ముక్క ఏడ పెట్టేది?
"గట్టు విషయమై అన్నదమ్ములకు మాటలు లేవు.
గొలుసు పట్టునప్పుడు ఇద్దర్నీ పిలవవలెను."

నిన్న వరికుంటపాడు మాలకొండమ్మ వచ్చింది.
మూడేండ్లు తిప్పించిన కాగితం
టీ చల్లారే లోపల చేతికొచ్చింది.
వెచ్చగా ఉందని తడిమి చూసింది.
"సంతకం ఎవురిది నాయనా?
ఆయనకేమియ్యాల?"
ఏమీ వద్దన్నా.
కొంగుముడి సగం విప్పి,
నన్నే చూస్తా
మళ్ళీ బిగించుకునింది.

ఆమె పోయినాక
ఖాళీగా ఉన్న మారుపేరు గడిలో
కరణం మాట కొట్టి చూశా.
కొన్ని అక్షరాలే పట్టాయి.
ఇద్దర్నీ పిల
అని ఆగింది.
అట్లనే సేవ్ చేశా.